ఏకవిపణి న్యాయము - మన విద్యార్థులు

న్యాయకళాశాలలో చదువుచున్న యువకు డొకడు మొన్న మా పట్టణపు పఠనమందిరమున మమ్ము కలిసికొని తన సందేహము నొకదానిని మా ముందుంచెను. తుది సంవత్సరమున ఎన్నుకొనదగిన ఐచ్ఛిక విషయములలో దేశాతీత వాణిజ్య న్యాయ మొకటి. అందు ప్రధానముగ పఠింపవలసినది ఐరోపా రాజ్యములు తమలో తాము నిర్మించుకొనిన ఏకవిపణి న్యాయము. దానిని చదువవలెనని యతని కోరిక. "ఐరోపావారి అంగడి తగవులు నీకేల నాయనా? జిల్లాకోర్టులో భూమి వ్యాజ్యములు నడపుకొన్న నాలుగు మెతుకులు దొరకును" అని తండ్రిగారి హితవు. తోడివిద్యార్థులు నవ్విరట. "అయ్యా, నేను చదువదలచినది నిష్ప్రయోజనమా?" అని అతడు మమ్మడిగెను. అప్పటికి రెండుమాటలలో బదులు చెప్పి పంపితిమి. కాని యాలోచించినకొలది ఆ ప్రశ్న యా యువకు నొక్కనిది కాదనియు, దానికి బహిరంగముగ సమాధానము చెప్పవలసి యున్నదనియు మాకు తోచినది.

మా యభిప్రాయమును ముందుగనే మనవి చేయుచున్నాము. సరుకు పండించుట ఒక విద్య. దాని నమ్ముట మఱియొక విద్య. ఆ సరుకు ఏ ద్వారమున, ఏ షరతులపై, ఎవరి అనుమతితో పరదేశమున ప్రవేశింపవలెనో నిర్ణయించు నియమమును ఎఱుగుట మూడవ విద్య. మొదటి రెండింటను మనవా రెవరికిని తీసిపోరు. మూడవదానియందు మాత్రము మనము నేటికిని పరుల వాకిట నిలువబడియే యున్నాము. ఈ మూడవ విద్య కొఱవడిన జాతికి రాజకీయ స్వాతంత్ర్య మున్నను వాణిజ్య స్వాతంత్ర్యము సగమే.

వాణిజ్యమునకు ధర్మము కావలెనను భావము మనకు క్రొత్తది కాదు. 1244 ప్రాంతమున కాకతీయ గణపతిదేవ చక్రవర్తి మోటుపల్లి రేవున అభయశాసనమును వేయించెను. తుపానున చిక్కి తీరమునకు కొట్టుకొనివచ్చిన యోడలలోని సరుకును రాజులు బలాత్కారముగ గైకొనుట అంతకుముందు వాడుక. గణపతిదేవు డా వాడుకను మాన్పి, ముప్పదింట నొకవంతు సుంకము చెల్లించిన చాలునని సముద్రవర్తకులకు అభయ మిచ్చెను. అనగా రాజు తన చేతిని తానే కట్టుకొనెను. వర్తకుడు కోరునది తక్కువ సుంకము మాత్రమే కాదు. ముందుగ తెలిసిన సుంకమును, నియమమునకు లోబడిన ప్రభుత్వమును. మోటుపల్లి రాతిపై నొక్క రాజు వ్రాయించిన యీ సూత్రమునే, ఏడు శతాబ్దముల తరువాత ఆఱు రాజ్యములు కలసి సంధిపత్రముగ వ్రాసికొనినవి.

రెండు మహాసంగ్రామములలో ఒకరినొకరు సంహరించుకొనిన ఐరోపా జాతులు, మఱల యుద్ధము రాకుండుటకై 1951లో బొగ్గును, ఉక్కును ఉమ్మడి యధికారము క్రింద నుంచిరి. ఫ్రాన్సు, జర్మనీ, ఇటలీ, బెల్జియము, హాలెండు, లక్సెంబర్గు అను ఆ యాఱు రాజ్యములే 1957 మార్చి 25వ తేదీన రోమునగరమున మఱియొక సంధిపై చేవ్రాలు చేసినవి. 1968 జులై 1వ తేదీ నాటికి వాని మధ్య సుంకము లంతరించినవి. వెలుపలివారికి ఒకే సుంకము నిర్ణయమయ్యెను. సరుకులు, మనుష్యులు, సేవలు, మూలధనము, ఈ నాలుగును సరిహద్దు లెఱుగక సంచరింపవలెనని వారి యాదర్శము. నేడు ఆ కూటమిలో ఇరువదియేడు రాజ్యములు, రమారమి నలుబదియైదు కోట్ల జనులు కలరు. ఈ యంగడిని నడపు సంధులును, శాసనములును, తీర్పులును కలసినదే ఏకవిపణి న్యాయము.

ఈ న్యాయము గొప్పవారి సభలలో మాత్రమే పుట్టినది కాదు. సామాన్యుల చిల్లర వ్యాజ్యములలో పెరిగినది. విద్యార్థికి రుచి పుట్టించునదియు నిదియే. హాలెండులోని వాన్ గెండ్ ఎన్ లూస్ అను రవాణా సంస్థ జర్మనీనుండి యొక రసాయన ద్రవ్యమును తెప్పించెను. అంతకుముందు నూటికి మూడు చొప్పున నున్న సుంకమును అధికారులు ఎనిమిది చొప్పున వసూలు చేసిరి. ఉన్న సుంకములను పెంచరాదని రోము సంధిలో నున్నది గదా యని ఆ సంస్థ తన దేశపు ట్రిబ్యునలు నెదుట వాదించెను. సంధి యనునది రాజ్యములకును రాజ్యములకును మధ్యనిది, నడుమ వర్తకునికేమి పని యని ప్రభుత్వము బదులు చెప్పెను. ప్రశ్న లక్సెంబర్గులోని ఉమ్మడి న్యాయస్థానమునకు పోయెను. 1963 ఫిబ్రవరి 5వ తేదీన ఆ న్యాయస్థానము, ఈ సంధి రాజ్యములకే కాక వాని ప్రజలకును హక్కుల నిచ్చినదనియు, ఆ హక్కును ప్రతివాడును తన యూరి కోర్టులోనే సాధించుకొనవచ్చుననియు తీర్పు చెప్పెను. మరుసటి సంవత్సరమున మిలాను నగరపు న్యాయవాది కోస్తా అను నతడు 1,925 లీరల విద్యుచ్ఛక్తి బిల్లుపై తెచ్చిన వ్యాజ్యములో, ఉమ్మడి న్యాయమునకును దేశీయ శాసనమునకును విరోధము కలిగినపుడు ఉమ్మడి న్యాయమే నిలుచునని తేలినది. ఒక చిన్న బిల్లు చక్రవర్తుల సంధులు సాధింపలేని పనిని సాధించినది!

సుంకములు పోయినంతమాత్రమున అంగడి యొక్కటి కాలేదు. సుంకము పోయినచోట నియమము వచ్చి కూర్చుండెను. సీసా ఇట్లుండవలెను, చీటి యిట్లంటింపవలెను, మద్య మింత ఘాటుగ నుండవలెను అని ఒక్కొక్క రాజ్యము ఒక్కొక్క నియమమును చేసి, దానినే కోటగోడగ వాడుకొనినది. 1974లో డస్సాన్‌విల్ అను వ్యాజ్యమున న్యాయస్థానము, వర్తకమును ప్రత్యక్షముగ గాని పరోక్షముగ గాని, నేడు గాని రేపు గాని అడ్డగింపగల ఏ నియమమైనను ఆక్షేపణీయమే యనెను. 1979లో వచ్చిన కాసీ ద దిజోన్ తీర్పు మఱియు ప్రసిద్ధము. అది ఫ్రాన్సులో నల్లద్రాక్షవంటి చిన్నపండ్లతో చేయు మధురమద్యము. అందు సారము నూటికి పదునైదు మొదలు ఇరువది వఱకే యుండును. జర్మనీలో అట్టి మద్యమున ఇరువదియైదు పాళ్లయినను ఉండవలెనని శాసనము. ఘాటు తక్కువైన మద్యము ప్రజారోగ్యమునకు హాని యని ఆ ప్రభుత్వము వాదించుట విన్నవారికి నవ్వు రాకమానదు. ఒక రాజ్యమున న్యాయబద్ధముగ తయారై అమ్ముడుపోవు సరుకును, తగిన ప్రజాప్రయోజన మున్నదని నిరూపించిననే గాని వేఱొక రాజ్యము నిరాకరింపరాదని న్యాయస్థానము తేల్చినది. ఇదియే పరస్పరాంగీకార సూత్రము. 1516 నాటి బీరు శుద్ధి నియమమును పట్టుకొని పొరుగువారి బీరునకు ఆ పేరే తగదనిన జర్మనీకి 1987లో ఈ సూత్రమే యడ్డు వచ్చినది.

తీర్పులతో కాని పనిని శాసనములతో చేయబూనిరి. 1985లో బ్రిటిషువాడైన లార్డు కాక్‌ఫీల్డు రమారమి మూడువందల శాసనముల పట్టికను సిద్ధపఱచెను. 1986లో చేవ్రాలైన ఏక ఐరోపా శాసనము ఆ పని 1992 డిసెంబరు 31వ తేదీలోగా ముగియవలెనని గడువు విధించి, ఒక్క రాజ్యము కాదనిన మాత్రమున ప్రతిపాదన చెడిపోవు పద్ధతిని అనేక విషయములలో తొలగించి, అధికసంఖ్యాకుల నిర్ణయమునకు త్రోవ తీసినది. 1949లో బ్రూజెసు నగరమున వెలసిన ఐరోపా కళాశాల మొదలుకొని అక్కడి విశ్వవిద్యాలయములు ఈ న్యాయమును పాఠముగ చెప్పినవి. ఆ పాఠము చదివినవారే న్యాయాధిపతులును, ఉద్యోగులును, సంధికర్తలును అయిరి. అంగడిని కట్టినవారిలో ఆచార్యులకును, విద్యార్థులకును గల భాగము తక్కువది కాదు.

"సరే, వారి యంగడి వారు కట్టుకొనిరి, మనకేమి?" అని పాఠకు లడుగవచ్చును. మా యనుభవము నొకదానిని చెప్పెదము. కొన్నియేండ్ల క్రిందట కోస్తాజిల్లాల రొయ్యల వర్తకు డొకడు ఒక కాగితమును మాయొద్దకు దెచ్చెను. తన సరుకు ఐరోపాలోని యొక రేవున నిలిపివేయబడినదని అందలి సారము. ఏ నియమము ననుసరించి నిలిపిరో, దానిపై ఎవరికి, ఎన్ని దినములలో మొరపెట్టుకొనవలెనో మేము చెప్పలేకపోయితిమి. ఇరువది యేండ్లుగ వకాల్తాలు పుచ్చుకొనుచున్న మేము, మా బారులోని పెద్దలు, ఒక్కరమును చెప్పలేకపోయితిమి. అక్కడి న్యాయవాదికి సొమ్ము పంపి సలహా తెప్పించునప్పటికి గడువు దాటినది. ఆ నష్టము వర్తకునిది, సిగ్గు మాది. నాటినుండి యీ విషయము మా మనస్సున ముల్లువలె గ్రుచ్చుకొనియే యున్నది.

రొయ్యల సాగున దేశమునకు ఆంధ్రతీరమే ముందున్నది. చెఱువులలో వాడు కొన్ని యౌషధముల శేషము సరుకులో కనబడెనను కారణమున, 2016లో ఐరోపావారు భారతదేశపు సాగు రొయ్యలలో పరీక్షింపవలసిన భాగమును నూటికి పదినుండి యేబదికి పెంచిరి. నిషిద్ధౌషధములను వాడుట తప్పే. దాని నెవ్వరును సమర్థింపరు. కాని ఏ యౌషధము నిషిద్ధము, ఎంత శేషము దోషము, పరీక్ష ఏ పద్ధతిని జరుగవలెను, అను నియమము లన్నియు ముందే ముద్రితమై యున్నవి. వాని నెఱిగినవాడు చెఱువుకట్టమీదనే జాగ్రత్తపడును. ఎఱుగనివాడు పరదేశపు రేవున పశ్చాత్తాపపడును.

మామిడిపండ్ల కథయు నిట్టిదే. 2013లో భారతదేశమునుండి పోయిన పండ్లు, కూరగాయల సరుకులలో 207 చోట్ల పురుగు కనబడినదని, 2014 మే 1వ తేదీనుండి మామిడిపండ్లను, వంకాయ, కాకర, పొట్ల, చేమలను ఐరోపావారు నిషేధించిరి. మనవారు ఎగుమతి శాలలలో తనిఖీని కట్టుదిట్టము చేసిన పిదప, 2015 ఆరంభమున మామిడిపై నిషేధము తొలగినది. ఇందలి కీలకమును గమనింపుడు. విపణి వేఱువేఱుగ నున్న దినములలో ఒక రేవు మూసికొనిన వేఱొక రేవు తెఱచియుండెడిది. ఏకవిపణిలో ఒక్క నిర్ణయమున నాటి ఇరువదియెనిమిది రాజ్యముల వాకిళ్లును ఒకేమాఱు మూసికొనినవి. తెఱచునపుడును ఒకేమాఱు తెఱచికొనినవి. ఆ విపణిలోపలివారికి దాని న్యాయము సౌకర్యము. వెలుపలివారికి దాని జ్ఞానము ప్రాణావసరము. ఇప్పుడు మఱియొక గోడ లేచుచున్నది. ఉక్కు, సిమెంటు, అల్యూమినియము, ఎరువులు మున్నగువాని తయారీలో వెలువడు బొగ్గుపులుసు వాయువునకు సరిహద్దున వెల కట్టు శాసనమును 2023లో చేసిరి. 2023 అక్టోబరు 1వ తేదీనుండి లెక్క లప్పగించు దశయు, 2026 జనవరి 1వ తేదీనుండి అసలు దశయు మొదలైనవి. ఇది భూతాపనివారణమా, మాఱువేషము వేసికొనిన సుంకమా యను వాదము నడచుచునే యున్నది. ఆ వాదమును నడపుటకు ఆవేశము చాలదు. శాసనపు ప్రకరణమును చేతబట్టుకొని మాటాడవలెను.

చదువు ఫలించిన నిదర్శనము కూడ మనకు కలదు. 1995లో వెలసిన ప్రపంచ వాణిజ్య సంస్థయందు వర్తకుడు స్వయముగ వాదింపలేడు. ప్రభుత్వములు మాత్రమే వాదింపవలెను. ఏకవిపణికిని దానికిని గల ముఖ్యభేద మిదియే. భారతదేశపు దుప్పట్లు, పక్కగుడ్డలు చౌకగ వచ్చి పడుచున్నవని ఐరోపావారు అదనపు సుంకము వేయగా మన ప్రభుత్వ మా సంస్థ నాశ్రయించినది. వెలలను పోల్చునపుడు తమకు ప్రతికూలముగ వచ్చిన యంకెలను సున్నగ లెక్కించు పద్ధతిని వా రవలంబించిరి. ఆ లెక్క న్యాయవిరుద్ధమని 2001 మార్చిలో అప్పీలు సభ తీర్పు చెప్పినది. ఫిరంగులతో కాదు, అంకగణితముతోను, సంధిపాఠముతోను మనము గెలిచితిమి. ఆ యప్పీలు సభయే 2019 డిసెంబరులో సభ్యులు చాలక పని మానినది. పై న్యాయస్థానము మూతపడిన దినములలో ప్రత్యేకపు ఒడంబడికలకు ప్రాముఖ్యము హెచ్చుట సహజము. ఐరోపాతో మన సంప్రదింపులు 2007లో మొదలై, 2013లో నిలిచిపోయి, 2022లో మఱల నారంభమైనవి. స్విట్జర్లాండు, నార్వే మున్నగు నాలుగు దేశములతోడి ఒడంబడిక 2025 అక్టోబరు 1వ తేదీనుండి అమలునకు వచ్చినది. బ్రిటనుతో 2025 జులై 24వ తేదీన చేవ్రాలైనది. వేలకొలది పుటలుగల యీ పత్రములను చదువు వారు మన బారులలో నెందఱు?

జాతీయవాదులమైన మేము దేశాతీత న్యాయమును పొగడుట చిత్రమని కొంద ఱనుకొనవచ్చును. పరులు చేసిన వాణిజ్య శాసనపు చేదు మనకు తెలియనిది కాదు. 1896లో మన మిల్లుగుడ్డపై నూటికి మూడున్నర చొప్పున ఎక్సయిజు సుంకము వేసిరి. లాంకషైరు గుడ్డకు పోటీ లేకుండ చేయుటయే దాని ప్రయోజనము. అది తొలగుటకు రమారమి ముప్పదియేండ్లు పట్టినది. నాటి శాసనమున మనకు నోరు లేదు. మనకు చెప్పక మనపై విధించిన నియమము దాస్యము. మనము కూర్చుండి వాదించి అంగీకరించిన నియమము ఒడంబడిక. ఈ రెండింటికిని గల భేదము నెఱుగుటయే యీ శాస్త్రమున ప్రథమ పాఠము. ఒడంబడికకు కూర్చుండువారికి చదువు లేకపోయినచో ఆ యొడంబడికయే మఱల దాస్యముగ మాఱును.

ఇక వేఱుపడదలచినవారికైనను ఈ చదువు తప్పదని బ్రిటను నేర్పినది. 2016 జూను 23వ తేదీన ఆ ప్రజలు కూటమినుండి తొలగుటకు ఓటు చేసిరి. 2020 జనవరి 31వ తేదీన తొలగిరి. ఆ సంవత్సరాంతమున విపణిని కూడ విడిచిరి. తొలగుట వారి హక్కు. దానిని మే మాక్షేపింపము. కాని ఉత్తర ఐర్లండు సరిహద్దున తనిఖీ యెక్కడ జరుగవలెనను ప్రశ్న ప్రభుత్వములనే కదల్చినది. 2023లో విండ్సరు ఒడంబడిక వఱకు ఆ చిక్కు సాగినది. కూటమి న్యాయములో నిలుపుకొనిన భాగమునకు 2024 జనవరినుండి వేఱు పేరు పెట్టి నేటికిని వాడుకొనుచున్నారు. సరుకు లమ్మవలెనన్న ఆ యంగడి నియమములను పాటింపకతప్పదు; వానిని చేయు సభలో మాత్రము వారికిప్పుడు పీఠము లేదు. ఉండుటకైనను, పోవుటకైనను ముందు చదువవలెను.

ఇంతకంటె ముఖ్యమైన సంగతి యొకటి కలదు. ఏకవిపణి న్యాయము మన రాజ్యాంగములోనే యున్నది! భారతదేశ మంతట వర్తకమును, వాణిజ్యమును, రాకపోకలును స్వేచ్ఛగ నుండవలెనని 301వ యనుచ్ఛేదము చెప్పుచున్నది. నిజాము రాజ్యపు సరిహద్దున కరోడ్‌గిరీ నాకాలయందు మూటలు విప్పించి సుంకము పుచ్చుకొనిన దినములను పెద్దలు చెప్పగా వినియున్నాము. అట్టి గోడలను పడగొట్టుటకే రాజ్యాంగకర్తలు 301 మొదలు 307 వఱకు గల యనుచ్ఛేదములను వ్రాసిరి. అస్సాములో తేయాకు రవాణాపై వేసిన పన్ను 1960లో అత్యున్నత న్యాయస్థానమున వీగిపోయినది. 2016లో తొమ్మండ్రు న్యాయమూర్తులు కూర్చుండి, అధికసంఖ్యాకుల తీర్పుగ, పన్ను పన్నైనంతమాత్రమున ఆ స్వేచ్ఛకు భంగము కాదనియు, ఇతర రాష్ట్రపు సరుకుపై వివక్ష చూపునదే దోషమనియు తేల్చిరి. డస్సాన్‌విల్ తీర్పు చదివినవాడు దీనిని దానిప్రక్క నుంచి చూచినచో, వివక్షకును, అడ్డంకికిని గల భేద మెంత సూక్ష్మమో, దేశముయొక్క భాగ్య మాసూక్ష్మముపై నెట్లాధారపడి యున్నదో గ్రహింపగలడు.

2017 జులై 1వ తేదీనుండి వచ్చిన వస్తుసేవల పన్ను దేశమునంతను ఒక్క యంగడిగ చేయు ప్రయత్నమే. ఆ పన్నుల మండలిలో కేంద్రమునకు మూడవవంతు ఓటును, రాష్ట్రములకు కలసి మూడింట రెండువంతులును కలవు. నాలుగింట మూడువంతుల బలము లేక నిర్ణయము కాదు. అనగా కేంద్రము కాదనిన దేదియు సాగదు. కేంద్రము నొక్కదానివలనను సాగదు. ఆ మండలి సిఫారసులు శాసనసభలకు శిరోధార్యములు కావని 2022లో అత్యున్నత న్యాయస్థానము చెప్పినది. రాష్ట్రముల స్వాతంత్ర్య మెంత, ఉమ్మడి యంగడి యవసర మెంత? ఐరోపావారు డెబ్బదియేండ్లుగ తర్కించుచున్న ప్రశ్న యిదియే. మన 307వ యనుచ్ఛేదము ఈ స్వేచ్ఛను కాపాడుట కొక యధికారసంఘమును నియమింపవచ్చుననుచున్నది. అట్టి సంఘ మింతవఱకు ఏర్పడనేలేదు. దీనిని గుఱించి మన విద్యార్థులలో నెందఱు వినియున్నారు?

ఆక్షేపణలు లేకపోలేదు. ఈ శాస్త్రమును చదువువారు తుదకు దాని యర్చకులగుదురని యొక మాట కలదు. అందు సత్యము లేకపోలేదు. స్వీడనునందు పాఠశాల కట్టుటకు లాట్వియా సంస్థ తన పనివాండ్రను దెచ్చినపుడు, స్థానిక కూలిరేటుకై కార్మికసంఘములు పని నడ్డగించిన వ్యాజ్యమున 2007లో న్యాయస్థానము వర్తకుని పక్షమున మ్రొగ్గినది. అంగడి స్వేచ్ఛ కూలివాని స్వేచ్ఛను మ్రింగరాదు. కాని యీ విమర్శ చేయుటకైనను ఆ తీర్పును చదివి యుండవలెను గదా! అంధభక్తికి మందు జ్ఞానమే గాని యజ్ఞానము కాదు. జీవనోపాధి లేదను మాట రెండవది. సరుకు నిలిచిపోయిన ప్రతి వర్తకుడును నేడు విదేశ న్యాయవాదికి చెల్లించుచున్న సొమ్మే ఈ విద్యకు గల యుపాధిని చాటుచున్నది. ఆంగ్లముననే చదువవలసిన విషయమను మాట మూడవది. నిజమే, ఆ కొఱత తీర్పవలసినవారము మనమే. రైతునకు తెలుగున చెప్పలేని వాణిజ్య న్యాయము రైతునకు దొరకని న్యాయమే.

కావున మేము కోరునది యిది. ప్రతి న్యాయకళాశాలలోను ఈ విషయము ఐచ్ఛికముగ కాక అవశ్యపాఠ్యముగ నుండవలెను. అందు మన రాజ్యాంగములోని వాణిజ్యస్వేచ్ఛా ప్రకరణమును, ఐరోపా తీర్పులును, ప్రపంచ వాణిజ్య సంస్థ నియమములును కలిపి బోధింపవలెను. పరీక్షకై అల్లిన గైడు పుస్తకములు కాక, తీర్పుల నామూలాగ్రము చదివింపవలెను. న్యాయవిద్యార్థులను వ్యవసాయ, మత్స్య, వాణిజ్య కళాశాలల విద్యార్థులతో కలిపి రేవులకును, సరుకు శుద్ధిచేయు కర్మాగారములకును తీసికొనిపోవలెను. న్యాయము తెలిసి రొయ్య తెలియనివాడును, రొయ్య తెలిసి న్యాయము తెలియనివాడును రేవున సమానముగ నిస్సహాయులే. ఎగుమతి వర్తకుల సంఘములు తమ లాభములో కొంత ఈ విద్యార్థుల వేతనములకై వినియోగింపవలెను. న్యాయవాద సంఘములు ముఖ్యమైన తీర్పులను తెలుగున సంగ్రహించి పఠనమందిరముల కందింపవలెను. మా పట్టణ పఠనమందిరమున మాసమున కొక్కమాఱైనను ఇట్టి యొక్క తీర్పును చదివి చర్చించు నేర్పాటునకు మేము స్వయముగ పూనుకొందుము. నేర్పువాండ్రముగ కాదు, నేర్చుకొనువాండ్రముగ.

ఆ యువకునికి మా సమాధాన మింతే. నాయనా, నీవు చదువదలచినది నిష్ప్రయోజనము కాదు. నీ తండ్రిగారు చెప్పిన భూమి వ్యాజ్యమును చిన్నచూపు చూడకుము. ఆ భూమిలో పండినదానికి ధర పలుకవలసిన చోటు నేడు నీ వెన్నుకొనిన పుస్తకములో నున్నది. ఏదో యొకనాడు ఒక వర్తకుడో, రైతో పరభాషలో నున్న కాగితము నొకదానిని వణకుచేతులతో దెచ్చి నీ బల్లపై పెట్టును. ఆనాడు మావలె తలవంచుకొనక, దానిని చదివి యతనికి తెలుగున చెప్పగలిగిన చాలును.